అడ్డం లేని బండి

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లినవాడు ఎవడైనా ముందు ఏం చేస్తాడండీ? బానెట్ ఎత్తిస్తాడు. ఇంజన్‌లో నూనె చూసే పుల్ల బయటికి లాగి, వేళ్ల మధ్య రాసి, ఏదో అర్థమైనట్టు తలాడిస్తాడు. టైర్లని ఒక తన్ను తంతాడు. ఎందుకు తంతున్నాడో వాడికీ తెలీదు, కానీ తన్నకపోతే కారు చూసినట్టుండదు. మన డ్రైవరు మాత్రం బానెట్ జోలికే పోలేదు. తిన్నగా వెళ్లి స్టీరింగు ముందు కూర్చుని, తలుపు వేసుకుని, మెడ తిప్పకుండా ఎదురుగా చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి దిగొచ్చి, "ఇది వద్దురా, అడ్డం వస్తోంది" అన్నాడు.

పక్కనున్న బావమరిదికి ఏమీ అర్థం కాలేదు. "ఏం అడ్డం వస్తోంది బావా?"

"ఇదిగో, ఈ పిల్లరు." ముందు అద్దానికీ తలుపుకీ మధ్య, పైకప్పుని మోస్తూ నిలబడే ఇనప కమ్మీని వేలితో కొట్టి చూపించాడు. "మరీ లావు. పక్కనుంచి మనిషొస్తే దీని వెనకాల దాక్కుంటాడు."

"దాక్కోడానికి వాడేమన్నా నీకు అప్పున్నాడా?" అని పగలబడి నవ్వాడు బావమరిది. "పిల్లర్లు వద్దంటే పైకప్పు లేని కారే కొనాలి. వానొస్తే అక్కని గొడుగు పట్టుకోమందాం."

బావమరిదికి నోరు ఊరుకోదు గానీ మనసు మాత్రం వెన్న. చిన్న రిపేరు షెడ్డు పెట్టుకుని, పాత కార్లు అమ్మేవాళ్లనీ కొనేవాళ్లనీ కలిపి నాలుగు రాళ్లు సంపాదించుకుంటున్నాడు. మీసాలు రాకముందు అతనికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఈ బావే. అందుకే బావ నోటివెంట కారన్న మాట రాగానే ఎగిరి గంతేశాడు. ఇంటి నుంచి అక్క పనిచేసే ఆసుపత్రి లాండ్రీకి, అక్కణ్ణుంచి బావ కంపెనీకి. ఎంత దూరం గనక? ఇంజన్ వేడెక్కేలోపే దిగిపోతారు. "అంత కొంచెం దూరానికి పెద్ద ఇంజన్లొద్దు బావా, సైలెన్సర్లో నీళ్లు నిలిచి కుళ్లిపోతుంది. చిన్న పెట్రోలు బండి, మంచి బ్యాటరీ, అంతే. రెండు ఆదివారాల్లో తేల్చేస్తాను" అని మాటిచ్చాడు కూడా. పాపం, తను ఎవరికి మాటిచ్చాడో అతనికి తెలీదు.

ఈ డ్రైవరు గురించి కొంచెం చెప్పాలి. కంపెనీ స్టాఫ్ బస్సు నడిపేవాడు. అందరూ అతన్ని ఉయ్యాల డ్రైవరు అనేవాళ్లు. బస్సు ఎప్పుడు కదిలిందో, ఎప్పుడు ఆగిందో లోపలున్నవాళ్లకి తెలిసేది కాదు. కూర్చోగానే నిద్ర పట్టేసేది. ఆడవాళ్లు సూదిలో దారం ఎక్కించుకునేవాళ్లు, ఒట్టు. కొత్తగా చేరిన ఆఫీసరొకాయన బస్సు ఇంకా బయల్దేరలేదనుకుని, "ఏమయ్యా, ఎప్పుడు తీస్తావు?" అని కేకలేశాడట, అప్పటికి సగం దారి వచ్చేశారు. ఆ ముచ్చట కంపెనీలో ఎన్నేళ్లు తిరిగిందో! అన్నేళ్ల సర్వీసులో ఒక కోడిపిల్లకి కూడా దెబ్బ తగలనివ్వలేదు. ఆ పేరంటే అతనికి ప్రాణం. పైకి చెప్పుకునేవాడు కాదు గానీ, ఎవరైనా "ఉయ్యాలా" అని పిలిస్తే మొహం వెలిగిపోయేది.

అలాంటివాణ్ణి బస్సు దింపేశారు.

కంపెనీవాళ్లు డ్రైవర్లందరికీ కళ్ల పరీక్ష చేయించారు. గోడ మీది అక్షరాలు చివరి వరసదాకా గడగడా చదివేశాడు. హమ్మయ్య అనుకున్నాడు. తర్వాత డాక్టరమ్మ అతని గడ్డం ఒక మిషను మీద పెట్టించి, లోపల ఎక్కడ వెలుగు చుక్క మెరిస్తే అక్కడ మీట నొక్కమంది. చుక్కలు చాలా తక్కువ మెరిశాయి. మిషను పాతదేమో అనుకున్నాడు మనవాడు.

"నరం ఎండిపోతోందయ్యా" అంది డాక్టరమ్మ. "పక్క చూపు చాలామటుకు పోయింది. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలుపుకోడానికి ఈ చుక్కలు వేసుకో. ఇక బండి ముట్టుకోకు."

"పోతే నాకు తెలీదామ్మా? నల్లగా కనబడాలి కదా?"

"నల్లగా కనబడదు. అక్కడ అసలేమీ లేనట్టే ఉంటుంది. చివరిదాకా మనిషికి తెలియకపోవడమే దీంతో వచ్చిన చిక్కు."

నమ్మలేదు. ఎలా నమ్ముతాడు చెప్పండి? ఆవిడ మొహం కనబడుతోంది, మెడలో గొలుసు కనబడుతోంది, బల్ల మీద పెన్ను మూత కనబడుతోంది. చూపు పోయిందంటే ఎలా? కంపెనీవాళ్లు మంచివాళ్లే, ఉద్యోగం తీసెయ్యలేదు. తాళాల గదిలో కూర్చోబెట్టారు. పొద్దున్నే వచ్చే డ్రైవర్లకి బస్సుల తాళాలు అందించడం, సాయంత్రం తీసుకుని మేకుకి తగిలించడం. నిన్నటిదాకా తను నడిపిన బస్సు తాళం ఇవాళ తన చేత్తో ఇంకొకడికి అందించాలి. మొదటిరోజు ఇంటికొచ్చాక స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాడు.

పెళ్లానికి నిజం చెప్పలేదు. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. పిల్లాజెల్లా లేని ఇల్లు, ఉన్నది ఇద్దరు, అందులో ఒకరి దగ్గర ఒకరు దాచుకునేదేమిటి? "వయసైందని పాతవాళ్లందర్నీ దింపేశార్లే" అన్నాడు. ఆవిడ "పోన్లెండి, ఊళ్లోవాళ్లందర్నీ జోకొట్టింది చాలు, ఇక మీరు కాస్త కునుకు తీయండి" అని నవ్వేసింది. చుక్కల సీసా చూసి ఇదేంటంటే, "కళ్లు మండుతున్నాయి, దుమ్ముకి" అన్నాడు. నమ్మింది. ఆయన చెప్పింది నమ్మకపోవడం ఆవిడకి చేతకాదు.

ఆవిడది ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ పని. పొద్దున్నించీ నిలబడే ఉండాలి. పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బిపోయాయి. రోజంతా నిలబడే మనిషిని మళ్లీ నడిపించడం ఇష్టంలేక పెళ్లైన కొత్తలోనే ఆయన స్కూటర్ మీద దింపడం మొదలుపెట్టాడు. అదొక అలవాటైపోయింది ఇద్దరికీ. అన్నం మానేసినా అది మానరు. ఈమధ్య మాత్రం ఒకరోజు ఎవడో సైకిలువాడి హ్యాండిలు ఆవిడ మోకాలికి రాసుకుపోయింది. ఇంకోరోజు మలుపులో ఒక వ్యాను ఇద్దరి మీదకీ వచ్చినంత పనైంది. "ఏంటండీ, ఈమధ్య దారిలో అందరూ ఎక్కణ్ణుంచో ఊడిపడుతున్నారు!" అంది ఆవిడ. ఆవిడ సరదాకే అంది. ఆయన స్కూటర్ ఇంకా నెమ్మది చేశాడు.

అప్పుడు పుట్టింది ఈ కారు ఆలోచన. స్కూటర్ మీదైతే ఆవిడ కాళ్లు బయటికి ఉంటాయి. కారైతే చుట్టూ ఇనుము. ఇటో అద్దం, అటో అద్దం, మధ్యలో ఒక అద్దం. తెలిసిన దారి, గుంట గుంటా తెలుసు. మెల్లగా, అంచునే పోతే ఏమవుతుంది? తనకి తానే ఇలా నచ్చజెప్పుకున్నాడు. అసలు సంగతి వేరు. స్టీరింగు లేకపోతే తనెవరో అతనికి తెలీదు. పెళ్లాన్ని కూడా దింపలేనివాణ్ణి ఇక దేనికి పనికొస్తానని భయం. ఆ భయం ఎవరితోనైనా చెప్పుకున్నా బాగుండేది.

బస్సు డ్రైవర్లకి ఒక పద్ధతుంది. కొత్త బండి చేతికొచ్చినప్పుడు తను సీట్లో కదలకుండా కూర్చుని, ఒక మనిషిని బండి చుట్టూ మెల్లగా తిరగమంటారు. మనిషి ఎక్కడ మాయమైతే అక్కడ బండికి మరుగున్నట్టు. ఆ మరుగులు మనసులో అచ్చేసుకున్నాకే బండి తీస్తారు. మంచి పద్ధతి. మనవాడు కార్లు చూడ్డానికి కూడా దాన్నే పట్టుకున్నాడు. తిరిగే మనిషి ఎవరు? ఇంకెవరు, ఇల్లాలే. ఆదివారం తలకి నూనె రాసుకుని కాస్త నడుం వాలుద్దామనుకునే మనిషిని వెంటబెట్టుకుని పోయి, పరాయివాళ్ల వాకిళ్లలో పాత కార్ల చుట్టూ తిప్పాడు.

ఎర్ర కారొకటి చూశారు. పెద్దగా తిరగలేదు, ఒక్కచేతి మీద నడిచింది, ఇంజన్ గడియారంలా ఉంది. బావమరిదికి నోరూరింది. మనవాడు సీట్లో కూర్చున్నాడు, ఆవిడ చుట్టూ తిరిగింది, ఎడమ పక్క మాయమైంది, మళ్లీ కనబడింది. "అడ్డం వస్తోంది" అన్నాడు. తెల్ల కారు చూశారు. అక్కడా మాయమైంది. "అద్దాలు చిన్నవి" అన్నాడు. ఇంకోదానికి సీట్లకి తల ఆనించే దిళ్లు ఎత్తుగా ఉన్నాయన్నాడు. మరోదానికి బానెట్ పొడుగన్నాడు. ప్రతి బండిలోనూ ఏదో ఒకచోట ఆవిడ మాయమవుతూనే ఉంది, ప్రతిసారీ తప్పు బండి మీదికి పోతూనే ఉంది. ఇంత అనుభవమున్న డ్రైవరు కాకపోతే ఎవడికీ ఈ పొరపాటు రాదు. మామూలువాడైతే నా కళ్లకేమైందో అనుకుంటాడు. ఇతనికి బండి మరుగులు తెలుసు, కాబట్టి బండినే తప్పుపట్టాడు.

బావమరిది తల ప్రాణం తోకకొచ్చింది. "నీకు దణ్ణం పెడతాను బావా. నేను చూపించిన బండ్లన్నీ ఈపాటికి వేరేవాళ్లు ఎగరేసుకుపోయారు. నువ్వు ఇంజన్ చూడవు, గేర్లు చూడవు, కాగితాలు చూడవు. అక్కని మాత్రం గానుగెద్దులా తిప్పుతావు!"

"నన్ను చూడ్డానికొచ్చినప్పుడు తలెత్తి ఒక్కసారి చూసి సరే అన్నారురా మీ బావ" అంది ఆవిడ, చెంగుతో మొహం తుడుచుకుంటూ. "ఈ డబ్బాల్ని మాత్రం చుట్టూ తిప్పి చూస్తున్నారు. నాకంటే దీనికే ఎక్కువ మర్యాద!"

ముగ్గురూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూనే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

చివరికి ఒక పెద్దాయన ఇంట్లో దొరికింది ఆ బండి. ఆ రకం ఇప్పుడు తయారు చెయ్యడం లేదు. అగ్గిపెట్టెలా చదరంగా, ఎత్తుగా, నాలుగు వైపులా ఇంతింత అద్దాలతో ఉంది. పిల్లర్లు కిటికీ ఊచలంత సన్నం. ఇనుము కంటే గాజే ఎక్కువ. పెద్దాయన దాన్ని రోజూ తుడుస్తాడు గానీ నడిపి చాలాకాలమైంది. బావమరిది కింద దూరి చూసి, బట్టలు దులుపుకుంటూ లేచాడు. "అడుగు రేకు కాస్త తుప్పు పట్టింది. క్లచ్ అరిగింది, బిగిస్తే కొన్నాళ్లు లాగుతుంది. బ్రేకులు పర్లేదు. నీ కొంచెం దూరానికి చాలు బావా. ఇక దీనికి కూడా అడ్డం వస్తోందన్నావో, నేను సన్యాసంలో కలిసిపోతాను."

మనవాడు కూర్చున్నాడు. ఎదురుగా వాకిలి, పూలకుండీలు, గోడ, గోడ మీద ఆరేసిన గుడ్డ, అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. ప్రాణం లేచొచ్చింది. "ఏమోయ్, ఒక్కసారి తిరుగు" అన్నాడు.

ఆవిడ తిరగడం మొదలుపెట్టింది. బానెట్ ముందునుంచి నడుస్తోంది. నీలం చీర. ఆయన ఎదురుగా చూస్తూనే ఉన్నాడు. నడుస్తూ నడుస్తూ ఆవిడ లేకుండా పోయింది. అక్కడ పిల్లరు లేదు. అద్దమే ఉంది. శుభ్రంగా తుడిచిన పేద్ద అద్దం, దాని వెనక గోడ, గోడ మీద గుడ్డ. మనిషి లేదు. అప్పుడు, చెవి పక్కనే ఎవరో అద్దం మీద టకటకా కొట్టారు. ఉలిక్కిపడి తల తిప్పాడు. ఆవిడ. మూరెడు దూరంలో, కిటికీలోంచి లోపలికి తొంగిచూస్తూ నవ్వుతోంది.

డాక్టరమ్మ చెప్పిన మాట అప్పుడర్థమైంది. అడ్డం బండిలో లేదు. ఇన్ని ఆదివారాలూ ఏ బండిలోనూ లేదు.

అప్పుడే దిగిపోవలసింది. దిగి, పెళ్లాం చెయ్యి పట్టుకుని, నావల్ల కాదు, నాకు కళ్లు పోతున్నాయి అని ఆ వాకిట్లోనే చెప్పేయవలసింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఈలోపు ఆవిడ అటుపక్క తలుపు తీసుకుని పక్క సీట్లో కూర్చుంది. కాళ్లు ముందుకి బారజాపుకుంది. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, వెనక్కి వాలి, "అబ్బ, ఎంత హాయిగా ఉందండీ!" అంది. "ఇన్నేళ్లూ మీ వీపు చూస్తూ కూర్చున్నాను. ఇక నుంచి మొహం చూస్తూ వెళ్లొచ్చు."

బావమరిది బయటనుంచి "ఏమంటావు బావా, అడ్డమా?" అనరిచాడు.

"లేదురా" అన్నాడు. "ఇది తీసుకుందాం."

తర్వాతి రోజులు ఎంత బాగున్నాయో చెప్తే మీకు ఇంకా బాధేస్తుంది. స్కూటర్ మీద ఆవిడ మాట్లాడింది సగం గాలికి కొట్టుకుపోయేది. ఆయన అన్నిటికీ "ఆఁ ఆఁ" అనేవాడు. కారులో ఆవిడ మాట మొదటిసారి మొదటినుంచి చివరిదాకా వినబడింది. ఇస్త్రీ బల్ల దగ్గర పక్కన నిలబడే ఆవిడ కోడలితో ఎలా గొడవపడుతుందో, మరుగుదొడ్డి తాళం ఎవరు మింగేశారో, దుప్పట్ల మూటలో ఎవరిదో కట్టుడుపళ్ల సెట్టు దొరికితే వార్డు వార్డూ ఎలా తిరిగారో, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. ఆయన కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వేవాడు. మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసి ఈ మాటలన్నీ పోగొట్టుకున్నానే అనిపించేది.

బండి మాత్రం నత్తలా నడిపేవాడు. వెనకాల హారన్లు మోగినా పట్టించుకునేవాడు కాదు. కూడలి దగ్గర తల గుడ్లగూబలా అటూ ఇటూ తిప్పి చూసేవాడు. "ఇంత జాగ్రత్త ఎందుకండీ, ఇది బస్సు కాదు" అనేది ఆవిడ. రోజూ ఆవిడని దింపాక కంపెనీ దాకా ఒక్కడూ వెళ్లేటప్పుడు, ఈ వారం చివర్లో చెప్తాను అనుకునేవాడు. వారం చివరొచ్చేసరికి, ఏమీ కాలేదుగా, ఇంకో వారం చూద్దాం అనుకునేవాడు. ఏమీ కాకపోవడమే అతన్ని ముంచేసింది.

ఆరోజు కూడా ఏ విశేషమూ లేని పొద్దు. లాండ్రీ వెనక గేటు దగ్గర, బట్టల బళ్లు ఎక్కే సిమెంటు గట్టు తన కిటికీ వైపు ఉండేలా ఆపాడు. ఆవిడ దిగింది. "సాయంత్రం కాస్త ముందే రండి, పప్పులు కొనాలి" అంది. తలుపు వేసింది. ఆవిడ గుమ్మం వైపు నడవడం చూశాడు, ఆయన చూసింది అంతవరకే. నాలుగడుగులు వేశాక ఆవిడకి గుర్తొచ్చింది, ఇద్దరి అన్నం డబ్బాలూ తన సంచిలోనే ఉండిపోయాయని. ఆయన డబ్బా తీసి చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగింది. బానెట్ ముందునుంచి ఆయన కిటికీ వైపు వస్తూ, ఆగండి అన్నట్టు డబ్బా పైకెత్తి చూపించింది. ఆయన ఎదురుగానే చూస్తున్నాడు కదా, చూశాడనే అనుకుంది. ఎందుకనుకోదు?

ఆయన అద్దం చూసుకున్నాడు. ఎదర చూసుకున్నాడు. గేటు, గేటు అవతల రోడ్డు, ఎవరూ లేరు. క్లచ్ వదిలాడు. ఎప్పట్లాగే మెత్తగా వదిలాడు, బండి కదిలినట్టు కూడా తెలియలేదు. ఏదో స్టీలు గిన్నె కిందపడ్డ చప్పుడైంది. లాండ్రీ లోపలే అనుకున్నాడు. ఆసుపత్రన్నాక ఏవో చప్పుళ్లు. అప్పుడు ఎవరో ఆడమనిషి గావుకేక పెట్టింది. ఇద్దరు ముగ్గురు పరిగెత్తుకొచ్చి బానెట్ మీద చేతులతో దబదబా బాదారు. బ్రేకు తొక్కి దిగాడు. అందరూ ఒకచోటికే చూస్తున్నారు. వాళ్లు చూస్తున్న వైపు తల తిప్పాడు. అప్పుడు కనబడింది. ఆవిడ గట్టు అంచుకీ చక్రానికీ మధ్య పక్కకి ఒరిగి పడి ఉంది. చుట్టూ మెతుకులు.

"ఏం కాలేదండీ" అంది ఆవిడ, ఆయన మొహం చూసి. "కంగారుపడకండి. ఏం కాలేదు." లేవబోయి, లేవలేక, పెదవి కొరుక్కుని ఆగిపోయింది.

తుంటి ఎముక విరిగింది. అదే ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. తను ఇస్త్రీ చేసిన దుప్పటి మీదే తనని పడుకోబెట్టారు. కంపెనీ డ్రైవర్లు గుంపుగా చూడ్డానికొచ్చారు. లాండ్రీ వాళ్లొచ్చారు. అందరికీ ఆవిడ ఒకటే మాట చెప్పింది. "తప్పు నాదేనండీ. ఆయన బండి తీస్తుంటే చూసుకోకుండా అడ్డం పోయాను. పాపం ఆయనేం చేస్తారు, రెప్పపాటులో జరిగిపోయింది." ఆయన పేరు మీద మచ్చ పడకూడదని ఆవిడ తాపత్రయం. డ్రైవర్లు తలలూపారు. "ఉయ్యాల చేతిలో ఇలా జరిగిందంటే ఇంకెవరం ఏం చెప్పగలం" అని ఒకాయన భుజం తట్టాడు. మనవాడు తలొంచుకుని నిలబడ్డాడు. అప్పుడు కూడా చెప్పలేదు, చూడండి.

ఎముకల డాక్టరు బావమరిదిని బయటికి పిలిచి మాట్లాడాడు. అతను మొహం మాడ్చుకుని లోపలికొచ్చాడు. దాచేదేముంది, ఆవిడే అడిగి చెప్పించుకుంది. లేచి నిలబడటానికి చాలాకాలం పడుతుంది. నిలబడ్డా చేతి కర్ర ఉండాల్సిందే. ఇస్త్రీ బల్ల దగ్గర ఉద్యోగం ఇక కుదరదు. ఆవిడ విని, "సర్లేరా, ఎన్నాళ్లు చేస్తాం" అని మొహం గోడవైపు తిప్పుకుంది.

బావమరిది మంచం కోడు పట్టుకుని కూలబడిపోయాడు. "నావల్లే అక్కా" అన్నాడు. "ఆ క్లచ్ బిగించింది నేనే. ఒక్కసారిగా పట్టేసుంటుంది. అరిగిందని తెలిసి కూడా మార్పించలేదు. నా చేతులు పడిపోనూ, నా చేతులతో నేనే..."

"ఊరుకోరా! క్లచ్చూ లేదు, పాడూ లేదు. అడ్డం పోయింది నేను కదా."

"కాదక్కా, బండిదే తప్పు. బావ బండి తీస్తే..."

"నాదని చెప్తుంటే వినవేం!"

వాళ్లిద్దరూ తప్పు నాదంటే నాదని లాక్కుంటుంటే, అసలువాడు మధ్యలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఇక భరించలేకపోయాడు.

"క్లచ్ బానే ఉందిరా" అన్నాడు. ఇద్దరూ ఆగి అతని వైపు చూశారు. "మీ అక్క నాకు కనబడలేదు. నా ముందే ఉంది, డబ్బా ఎత్తి పట్టుకుని. నాకు కనబడలేదు. పక్క చూపు ఎప్పుడో పోయింది. అందుకే నన్ను బస్సు దింపింది, వయసుకి కాదు. డాక్టరమ్మ బండి ముట్టుకోవద్దని చెప్పింది. తెలిసే నడిపాను."

బావమరిది మంచం కోడు వదిలేశాడు. తర్వాత లేచాడు. తలుపు తోసుకుని బయటికి వెళ్లిపోయాడు. తిడితే బాగుండేది. చెంప మీద ఒక్కటి కొట్టినా బాగుండేది.

ఆవిడ ఏడవలేదు. కోప్పడలేదు. పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. సెలైన్ సీసా సగం అయింది, నర్సు వచ్చి చూసి వెళ్లింది. ఆయన ఆవిడ చేతి మీద చెయ్యి వెయ్యడానికి ధైర్యం చాలక, దుప్పటి అంచు పట్టుకుని కూర్చున్నాడు. ఏమైనా అను, ఒక్క మాట అను అని లోపల్లోపల బతిమాలుకుంటున్నాడు.

ఆవిడ తల ఇటు తిప్పింది. గొంతులో నిష్ఠూరం లేదు, అర్థంకాక అడిగినట్టే అడిగింది.

"ఎంత దూరమనండీ అది? ఒక్క మాట చెప్పుంటే, నడిచి వెళ్లేదాన్ని కదా."